గోల్ఫ్‌లో ప్రాక్టీస్ స్వింగ్ బాగానే ఉంటుంది, బంతి పెట్టగానే ఏమవుతోంది?

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినపడుతోందా? మైకు కొంచెం పెంచండి. ఆఁ, ఇప్పుడు బాగుంది.

ముందు ఒక ప్రశ్న అడుగుతాను, మొహమాటపడకుండా చేతులెత్తండి. బంతి లేకుండా, ఊరికే గడ్డి మీద క్లబ్ ఊపితే స్వింగ్ చక్కగా వచ్చేవాళ్లు ఎంతమంది? చాలామందే ఉన్నారు. సరే, దించండి. బంతి పెట్టాక కూడా అచ్చం అదే స్వింగ్ వచ్చేవాళ్లు? ఇద్దరు. అందులో ఒకాయన చెయ్యి సగమే ఎత్తారు. (నవ్వులు)

ఇవాళ నేను మాట్లాడబోయేదంతా ఆ మొదటి స్వింగుకీ రెండో స్వింగుకీ మధ్య ఉన్న తేడా గురించే. మనిషి అదే, క్లబ్ అదే, మధ్యలో అర నిమిషం కూడా గడవలేదు. కొత్తగా వచ్చిందల్లా ఒక బంతి. రూల్స్ ప్రకారం గోల్ఫ్ బంతి బరువు 45.93 గ్రాములు దాటకూడదు, అంటే యాభై గ్రాములు కూడా లేదు. దాన్ని చూసి మనం మెడ దగ్గర్నుంచి మడమల దాకా బిర్రబిగుసుకుపోయి, పళ్లు కరుచుకుని, ఒంట్లో ఉన్న బలమంతా కూడదీసుకుని మీద పడతాం. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమన్నమాట. పైగా అది పిచ్చుకకి తగలదు కూడా.

నా సంగతే చెప్తాను. ఆట మొదలుపెట్టిన రెండో ఏడు ఒక చిన్న పోటీకి పేరిచ్చాను. మొదటి టీ దగ్గర, అంటే ఆట మొదలుపెట్టే చోట, ఓ పదిహేను మంది నిలబడి ఉన్నారు. రెండు ప్రాక్టీస్ స్వింగులు వేశాను, నాకే ముచ్చటేసింది, వెనక ఎవరో "స్వింగ్ బాగుందే" అన్నారు కూడా. ఆ మాటతో నా పని అయిపోయింది. బంతి మీదకి వంగి నిలబడ్డాను, ఎంతసేపు నిలబడ్డానో తెలీదు, బుర్రలో ఒకటే గోల, తల ఎత్తకు, ఎడమ చెయ్యి వంచకు, క్లబ్ నెమ్మదిగా తీసుకెళ్లు, భుజం తిప్పు, అందరూ చూస్తున్నారు. ఆఖరికి కొట్టాను. క్లబ్ బంతి నెత్తిని అలా నిమిరి వెళ్లిపోయింది. బంతి దాన్ని నిలబెట్టిన టీ పుల్ల మీంచి దొర్లి, పది అడుగుల దూరంలో నా వైపే చూస్తూ ఆగింది.

విచిత్రం ఏంటంటే, ఆట అయ్యాక నాకు నొప్పి పుట్టింది చేతులు కాదు, దవడలు. ఇంకోటి, ఎడమ చేతి గ్లవ్ తీసి చూస్తే అరచేతి కింది భాగంలో, మణికట్టుకి దగ్గరగా, తోలు అరిగి చిల్లు పడింది. అది కొని వారం కూడా కాలేదు. మీ మీ గ్లవ్‌లు ఓసారి తీసి చూసుకోండి, ఇప్పుడే. ఆ చోట అరిగి ఉంటే క్లబ్ మీ చేతిలో నిలకడగా లేదని, అది కదులుతుంటే మీరు ఇంకా ఇంకా పిసుకుతున్నారని అర్థం. మనం ఎదుటివాళ్లకి ఎన్నైనా చెప్పుకోవచ్చు కానీ గ్లవ్ మాత్రం ఉన్నదున్నట్టు చెప్పేస్తుంది.

సరే, బిగుసుకుపోతే అసలు ఏమవుతుంది? అది తెలిస్తే సగం భయం పోతుంది. కండరానికి లాగడమే తెలుసు, తొయ్యడం తెలీదు. మోచెయ్యి వంచడానికి ముందు వైపు కండ లాగుతుంది, చాచడానికి వెనక వైపు కండ లాగుతుంది. ఒకటి లాగుతుంటే రెండోది వదలాలి. టెన్షన్‌లో రెండూ ఒకేసారి లాగుతాయి, కీలు మధ్యలో ఇరుక్కుపోతుంది. మీరు బలమంతా పెడుతున్నారు, నిజమే, కానీ ఆ బలంలో చాలా భాగం మీతో మీరే కుస్తీ పట్టడానికి పోతోంది. అందుకే అంత కష్టపడి కొట్టిన బంతి దగ్గర్లోనే పడుతుంది, ఏమీ కష్టపడనట్టు కనిపించే పక్క మనిషి బంతి ఎక్కడికో పోతుంది.

రెండోది కొలత. బంతి ముందు నిలబడినప్పుడు మీ చేతులు వేలాడుతున్న పొడవుని బట్టి దూరం చూసుకుంటారు కదా. బిగుసుకోగానే మోచేతులు కొంచెం ముడుచుకుంటాయి, భుజాలు చెవుల వైపు లేస్తాయి. బంతి వ్యాసం 42.67 మిల్లీమీటర్లకి తగ్గకూడదని రూలు, అంటే దాని నడుము నేలకి రెండు సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. మీరు ఆ రెండు సెంటీమీటర్లు పైకి లేస్తే చాలు, క్లబ్ అంచు పోయి బంతి నడుముకి కొడుతుంది. "తల ఎత్తేశావు" అని పక్కవాళ్లు అంటారు. చాలాసార్లు తల ఎత్తలేదు, చేతులు కురచయ్యాయి, అంతే.

ఇక మణికట్టు. ఎవరైనా ఒకరు ముందుకు రండి. మీరు రండి సార్. ఈ ఐరన్, అదే లోహపు తల ఉన్న క్లబ్, పట్టుకోండి, ఎదురుగా చాచి, క్లబ్ కొనతో గాల్లో సున్నాలు చుట్టండి. పెద్దవి, ఇంకా పెద్దవి. బాగుంది. ఇప్పుడు అలాగే చుడుతూ గ్రిప్, అంటే క్లబ్ పిడి, గట్టిగా పిసకండి, ఎంత గట్టిగా వీలైతే అంత. చూశారా అందరూ? సున్నా నిమ్మకాయంత అయిపోయింది. ఆయన ముంజెయ్యి మీద నా చెయ్యి పెట్టాను, ఇక్కడ కండ రాయిలా ఉంది. వేళ్లని నడిపే కండలు చాలావరకు ముంజేతిలోనే ఉంటాయి, అందుకే వేళ్లు బిగిస్తే మణికట్టు తిరగదు. మణికట్టు తిరగకపోతే క్లబ్ ముఖం బంతి దగ్గరికి వచ్చేసరికి మూసుకోదు, తెరుచుకునే ఉండిపోతుంది, బంతి కుడికి వంపు తిరిగి చెట్లలోకి పోతుంది. మనం దానికి స్లైస్ అని పేరు పెట్టి, కొత్త డ్రైవర్, అంటే దూరం కొట్టే పెద్ద క్లబ్, కొంటాం. (నవ్వులు) కూర్చోండి సార్, థాంక్స్.

కుడిచేతి వాటం వాళ్లకి చెప్తున్నాను ఇదంతా, ఎడమచేతి వాటం వాళ్లు తిప్పి అర్థం చేసుకోండి, మీకిది అలవాటే పాపం.

ఒక లెక్క చెప్తాను. మంచి ఆటగాళ్ల స్వింగులు వీడియోలో కొలిస్తే క్లబ్ వెనక్కి వెళ్లడానికి ముప్పావు సెకను, కిందికి రావడానికి పావు సెకను, అటూఇటూగా ఇలా ఉంటుంది, మూడుకి ఒకటి. క్లబ్, బంతి కలిసి ఉండేది అర మిల్లీసెకను, అంటే సెకనులో రెండు వేలవ వంతు. కంటికి కనపడినదానికి చెయ్యి స్పందించాలంటేనే సెకనులో ఐదో వంతు దాకా పడుతుంది. అంటే క్లబ్ కిందికి రావడం మొదలయ్యాక "అయ్యో తప్పుతోంది" అని మీకు తెలిసి సరిదిద్దేలోపు బంతి వెళ్లిపోయి ఉంటుంది. ఇది తెలిసి కూడా మనం చేసేది ఏంటి? సరిగ్గా ఆ పావు సెకనులో చేతులతో బంతిని జాగ్రత్తగా తాకించబోతాం. దిద్దడానికి వీల్లేని చోట దిద్దబోవడం, టెన్షన్ పుట్టేది ఎక్కువగా ఇక్కడే. ప్రాక్టీస్ స్వింగులో ఆ చోట తాకించాల్సింది ఏమీ లేదు కాబట్టి చేతులు వాటి దారిన అవి పోతాయి.

మన భాషలో ఊపడం వేరు, కొట్టడం వేరు. ఊపినప్పుడు దారి మధ్యలో బంతి ఉంటే అది తగిలి పోతుంది. కొట్టాలనుకుంటే బంతి దగ్గరే ఆగిపోతాం. నడుము ముందు తిరుగుతుంది, దాని వెనక ఛాతీ, ఆ తర్వాత చేతులు, చిట్టచివర క్లబ్, ఒకదాన్నుంచి ఒకదానికి వేగం అందుకుంటూ పోవాలి, కొరడా విసిరినట్టు. కొరడా మధ్యలో ఒక కర్ర కట్టండి, చివర చప్పుడు వస్తుందేమో చూద్దాం. బిగుసుకున్న ముంజెయ్యి ఆ కర్ర.

ఇప్పుడు అందరూ ఇచ్చే సలహా ఒకటుంది, "రిలాక్స్ అవ్వండి" అని. నాకు ఈ మాటంటే చిరాకు, క్షమించాలి. నిద్రపట్టని మనిషిని నిద్రపో నిద్రపో అంటే పడుతుందా? అసలు తను బిగుసుకున్నట్టే తెలియని మనిషి దేన్ని వదులు చేస్తాడు? ఎడ్మండ్ జేకబ్సన్ అని అమెరికన్ డాక్టరు, గత శతాబ్దం తొలి దశాబ్దాల్లోనే దీనికి ఒక ఉపాయం పట్టుకున్నాడు. ముందు కావాలనే బిగించు, ఆ బిగువు ఎలా ఉంటుందో గమనించు, తర్వాత వదులు, తేడా చూడు. అలా ఒక్కో కండనీ. మనం కూడా చేద్దాం, క్లబ్ లేకపోయినా పర్లేదు. రెండు పిడికిళ్లూ బిగించండి, పూర్తిగా, ఇది పది అనుకోండి. ఊపిరి బిగబట్టకండి. అబ్బే, అందరూ బిగబట్టారు, చూశారా, చెప్పినా సరే! ఇప్పుడు సగానికి తగ్గించండి, ఐదు. ఇంకొంచెం, నాలుగు. అక్కడే ఉంచండి. క్లబ్ మీద ఉండాల్సింది దాదాపు ఇంతే. మీలో చాలామంది ఇది నాలుగు అనుకుంటూ ఏడు దగ్గర ఆడుతున్నారు.

శామ్ స్నీడ్ గురించి వినే ఉంటారు, అమెరికాలో ప్రొఫెషనల్ పోటీల వరస పీజీఏ టూర్‌లో 82 గెలుపులు ఆయనవి. క్లబ్‌ని చేతిలో ప్రాణమున్న పిట్టని పట్టుకున్నట్టు పట్టుకోమనేవాడు, ఎగిరిపోకూడదు, నలిగిపోనూకూడదు. మంచి మాటే. కానీ నేను చూసినంతలో ఈ మాట విన్నవాళ్లు మొదట్లో పిట్టలాగే పట్టుకుంటారు, క్లబ్ పైకి వెళ్లి తిరిగే చోట మాత్రం ఒక్కసారిగా ఒడిసి పట్టేస్తారు, పిట్ట అక్కడ చచ్చిపోతుంది. (నవ్వులు) నన్నడిగితే పట్టు నాలుగా ఐదా అన్నది రెండో సంగతి, మొదట్నుంచి చివరిదాకా ఒకేలా ఉండటం అసలు సంగతి. ఐదుతో మొదలుపెట్టి ఐదుతో ముగించేవాడు, రెండుతో మొదలుపెట్టి తొమ్మిదికి పోయేవాడికన్నా చాలా మెరుగు.

ఇంకోటి, కొన్నిసార్లు తప్పు మీది కాదు, గ్రిప్‌ది. రబ్బరు అరిగి నున్నబడిపోతే, చెమటా జిడ్డూ పట్టి జారుతుంటే, చెయ్యి బిగించక ఏం చేస్తుంది? చేతికి తెలుసు, వదిలితే క్లబ్ ఎగిరిపోతుందని. గోరువెచ్చని సబ్బు నీళ్లతో గ్రిప్పులు కడిగి, శుభ్రంగా తుడిచి, ఆరబెట్టి చూడండి. ఎన్ని పాఠాలకీ తగ్గని బిగువు దీంతో తగ్గినవాళ్లని చూశాను. పట్టు ఎక్కడ ఉండాలో కూడా చూసుకోండి, ఎడమ చేతిలో చివరి మూడు వేళ్లు, కుడి చేతిలో మధ్య రెండు వేళ్లు, పని వాటిది. కుడి బొటనవేలూ చూపుడువేలూ ఊరికే ఆనుకుని ఉంటే చాలు. ఆ రెండూ కలిసి గిల్లినట్టు పట్టుకుంటే బిగువు సరాసరి భుజం దాకా పాకుతుంది. కావాలంటే ఇప్పుడే గిల్లి చూసుకోండి, పక్కవాళ్లని కాదు.

ఇక బంతి ముందు నిలబడే సమయం. బొమ్మలా నిలబడ్డ కొద్దీ ఒళ్లు గట్టిపడుతుంది. పెద్ద ఆటగాళ్లని చూడండి, ఎవరూ పూర్తిగా కదలకుండా ఉండరు. జాక్ నిక్లాస్, 18 మేజర్లు, అంటే గోల్ఫ్‌లో అన్నిటికన్నా పెద్ద పోటీలు, గెలిచినాయన, క్లబ్‌ని నేలకి ఆనించి బరువు వదిలేవాడు కాదు, కొంచెం పైకే పట్టుకునేవాడు, మొదలుపెట్టేముందు గడ్డం కాస్త కుడికి తిప్పేవాడు, అదే ఆయనకి గంట కొట్టినట్టు. గ్యారీ ప్లేయర్ కుడి మోకాలిని లోపలికి చిన్నగా నొక్కి మొదలుపెట్టేవాడు. క్లబ్‌ని అటూఇటూ ఆడించడాన్ని వ్యాగిల్ అంటాం, చాలామంది దాన్ని స్టైల్ అనుకుంటారు, కాదు, ముంజేతులు గడ్డకట్టకుండా చూసుకోవడం అది. మీకూ ఒక చిన్న కదలిక పెట్టుకోండి, ఏదైనా సరే, దాన్నుంచి ఆగకుండా స్వింగులోకి జారిపోవాలి. లక్ష్యం వైపు చివరిసారి చూశాక మూడు, నాలుగు సెకన్లు దాటితే వెనక్కి జరిగి మళ్లీ మొదలుపెట్టండి. సిగ్గేమీ లేదు. పది అడుగుల బంతి కన్నా నయం.

ఊపిరి గురించి చాలామంది పెద్ద గాలి పీల్చుకోమంటారు. పీల్చడం కాదు, వదలడం చూసుకోండి. గాలి వదిలేటప్పుడు గుండె వేగం కాస్త తగ్గుతుంది, భుజాలు వాటంతటవే దిగుతాయి. నాకు బాగా పనికొచ్చిన చిట్కా ఇంకోటుంది, వినడానికి నవ్వొస్తుంది. స్వింగ్ చేస్తున్నంతసేపూ గొంతులో సన్నగా "మ్మ్మ్" అని ఒకే శ్రుతిలో కూనిరాగం తీయండి. ఎక్కడ బిగుసుకుంటారో అక్కడ గొంతు తెగుతుంది, లేకపోతే శ్రుతి పైకి ఎగురుతుంది. ఒకావిడ నా దగ్గర నేర్చుకునేవారు, ఆరు నెలలుగా డౌన్‌స్వింగ్‌లో ఏదో తప్పుందని వీడియోలు తీసుకుంటూ తిరిగారు. కూనిరాగం తీయమంటే, క్లబ్ ఇంకా పైకి వెళ్తుండగానే, భుజం ఎత్తుకి రాకముందే, గొంతు టక్కున ఆగిపోయింది. మళ్లీ చేయించాను, మళ్లీ అక్కడే. కిందికి వచ్చేటప్పుడు కనపడే తప్పు పైకి వెళ్లేటప్పుడే పుట్టిందన్నమాట. ఆవిడకి నేను స్వింగ్ గురించి ఇంకేమీ చెప్పలేదు, రాగం తెగకుండా చివరిదాకా తీయండి అన్నాను, అంతే. రెండు వారాలు పట్టింది. రేంజ్‌లో, అదే ప్రాక్టీస్ చేసే మైదానంలో, పక్కవాళ్లు మాత్రం కొంచెం దూరం జరిగారు.

ఈ "తల వంచే ఉంచు", "ఎడమ చెయ్యి నిటారుగా ఉంచు" లాంటివి నేను పెద్దగా వాడను. తల ఉంచు అంటే మెడ బిగిస్తారు, మెడ బిగిస్తే భుజాలు తిరగవు. చెయ్యి నిటారుగా అంటే కర్రలా చేస్తారు. చెయ్యి చాచి ఉండాలి, నిజమే, క్లబ్ బరువే దాన్ని చాచనివ్వాలి. గాబ్రియేలే వుల్ఫ్ అనే పరిశోధకురాలు 1990ల చివర్లో కొత్తగా గోల్ఫ్ నేర్చుకునేవాళ్లని రెండు గుంపులు చేసి చూశారు, ఒకళ్లకి చేతుల కదలిక మీద మనసు పెట్టమని, ఇంకొకళ్లకి క్లబ్ ఊగడం మీద పెట్టమని. క్లబ్ మీద మనసు పెట్టినవాళ్లు బాగా కొట్టారు. ఒంట్లో ఒక్కో భాగానికీ హుకుం జారీ చేస్తే ఒళ్లు తికమకపడుతుంది. క్లబ్ తల ఎంత బరువుగా ఉందో, ఎలా ఊగుతోందో చూస్తూ ఉండండి చాలు.

రేంజ్‌లో ఏం చేయాలంటే, ఐదు బంతులు మీ పాదాల నుంచి ముందుకి, ఒకదాని వెనక ఒకటి, జానెడు ఎడంగా వరసగా పెట్టండి. బంతి లేని చోట క్లబ్‌ని అటూఇటూ ఆగకుండా ఊపుతూ ఉండండి, సగం స్వింగే, ఆ ఊపు ఆపకుండా చిన్న అడుగు ముందుకి, మొదటి బంతి తగిలి పోతుంది, ఆగకండి, ఇంకో అడుగు, రెండోది. ఎక్కడికి పోయాయో చూడొద్దు. మూడో బంతికి వచ్చేసరికి ఆలోచించడానికి టైముండదు, అదే కావాలి. ఇది కుదిరాక రెండు పాదాలూ దగ్గరగా పెట్టి కొట్టండి, బలం పెడితే పడిపోతారు కాబట్టి ఒళ్లే బలం తగ్గించుకుంటుంది.

ఒక్క విషయంలో జాగ్రత్త. పటింగ్‌లో, అంటే బంతిని నేల మీద దొర్లించి గుంటలో వేసేటప్పుడు, చెయ్యి ఉన్నట్టుండి జెర్క్ ఇవ్వడం, వణకడం ఉంటుంది, టామీ ఆర్మర్ అనే పాతకాలం ఆటగాడు దానికి యిప్స్ అనే మాట ప్రచారంలోకి తెచ్చాడు. అది ఉత్త భయం కాకపోవచ్చు, కొందరిలో నరాలకి సంబంధించిన సమస్య కూడా ఉంటుంది, ఒకే పనిని వేలసార్లు చేసిన చేతికి వస్తుంది. వాళ్లకి ధైర్యం చెప్పి లాభం లేదు. బెర్న్‌హార్డ్ లాంగర్ అనే పెద్ద ఆటగాడికి ఒకసారి కాదు, చాలాసార్లు వచ్చింది. పట్టుకునే పద్ధతే మార్చేశాడు, 1985లోనూ 1993లోనూ మాస్టర్స్ అనే మేజర్ పోటీ గెలిచాడు, ఆ తర్వాత పొడవాటి పటర్‌కి, అంటే పటింగ్ చేసే క్లబ్‌కి, వెళ్లాడు. మీకు అలా అనిపిస్తే పట్టు మార్చండి, చేతులు మార్చండి, పాత పద్ధతినే పట్టుకుని కుస్తీ పట్టకండి.

ప్రశ్నలేమైనా ఉంటే అడగండి. ఆఁ, అక్కడ.

(ప్రశ్న: రేంజ్‌లో అంతా బాగుంటుందండీ, పోటీ అనగానే మళ్లీ మొదటికొస్తుంది. టెన్షన్ అస్సలు రాకుండా చేసుకోలేమా?)

రాకుండా చేయలేమండీ. నాకు ఇప్పటికీ వస్తుంది, మొదటి టీ దగ్గర అరచేతులు చల్లబడతాయి. నేను దాంతో పోట్లాడటం మానేశాను. వస్తుందని తెలుసు కాబట్టి దానికి తగ్గట్టు ఏర్పాటు చేసుకుంటాను. మొదటి హోల్‌లో డ్రైవర్ తీయాలని రూలేమీ లేదు, నాకు నమ్మకమున్న క్లబ్ తీస్తాను, ముప్పావు స్వింగ్ వేస్తాను. టెన్షన్‌లో మనకి తెలియకుండానే అన్నీ త్వరగా చేసేస్తాం, నడక కూడా. అందుకని కారు దిగిన దగ్గర్నుంచే నెమ్మదిగా నడుస్తాను, గ్లవ్ నెమ్మదిగా వేసుకుంటాను. అక్కడ తొందరపడ్డ మనిషి బ్యాక్‌స్వింగ్‌లో నిదానంగా ఉండలేడు. టీ మీదకి వెళ్లాక ఒకసారి భుజాలు చెవులదాకా ఎత్తి వదిలేస్తాను, పట్టు పదికి బిగించి నాలుగుకి తెస్తాను, ఇందాక మనం చేసినట్టే.

(ప్రశ్న: ఎన్నాళ్లు పడుతుంది సార్?)

అది నేను ఎలా చెప్పను? మీ స్వింగ్ నేను చూడలేదు కదా. రండి, ఇటు రండి, ఈ ఏడో నంబర్ ఐరన్ తీసుకోండి. ఇక్కడ నిలబడండి, మీ వెనక వాళ్లు కొంచెం జరగాలి, ఇంకొంచెం. ఊపండి, సగం వరకే. బాగుంది. రాగం తీస్తూ ఊపండి, గట్టిగానే తీయండి, అందరం విన్నాం కదా ఇప్పటిదాకా ఎందుకో. ఆఁ, అదీ. లేదు లేదు, ఆ బంతి అక్కడే ఉండనివ్వండి, ఇప్పుడే వద్దు. ఇంకోసారి ఊపండి.